పాత కెమెరాల ప్రకటన పత్రాలను సేకరించే విధానం

పాత కెమెరాలను దాచుకునేవారు చాలామంది ఉన్నారు గాని, వాటిని అమ్మడానికి అచ్చువేసిన కేటలాగులనూ కరపత్రాలనూ ధరల పట్టికలనూ దాచినవారు తక్కువ. కెమెరా ఖరీదైన వస్తువు కనుక చెడిపోయినా అటకెక్కి మిగిలింది. కొనేముందు చూసిన కాగితం మాత్రం కొనడం పూర్తయిన నాడే చెత్తబుట్టకు చేరింది. అందువల్ల లక్షల సంఖ్యలో అమ్ముడైన కెమెరా ఈనాడు సులువుగా దొరుకుతున్నా, దాని తొలి కరపత్రం దొరకడం కష్టం. ఆ కెమెరాను మొదట ఏ పేరుతో, ఏ ధరకు, ఏ కటకంతో అమ్మారో చెప్పగలిగేది ఆ కరపత్రమే కనుక, దీన్ని కెమెరాకు తోడుగా కాక, ఒక సాక్ష్యంగా భావించి సేకరించాలని నా అభిప్రాయం. సాక్ష్యానికి ప్రాణం తేదీ. కింద చెప్పబోయే జాగ్రత్తలలో చాలా భాగం దాని చుట్టూనే తిరుగుతాయి.

మొదట పరిధిని కుదించుకోవాలి. 1839లో పారిస్‌లో అల్ఫోన్స్ జిరూ అమ్మిన, ఫోటోగ్రఫీ తొలినాళ్లదైన దగేర్ కెమెరా నాటి కాగితాలు దాదాపుగా మ్యూజియంలకే పరిమితం. వ్యక్తులకు అందుబాటులో ఉండే కాలం, నా లెక్కలో, 1888 తరువాతది. ఆ యేడు జార్జ్ ఈస్ట్‌మన్ 100 బొమ్మలకు సరిపడే ఫిల్ముతో నింపిన కోడక్ కెమెరాను 25 డాలర్లకు అమ్ముతూ, మీట నొక్కడం మీ వంతు, మిగతాదంతా మా వంతు అన్న అర్థం వచ్చే నినాదంతో ప్రకటనలు ఇచ్చాడు. అంతవరకు ఫోటోగ్రాఫర్లను ఉద్దేశించిన ప్రకటన అప్పటినుంచి ఇంటిల్లిపాదినీ పలకరించసాగింది. అచ్చుపడిన కాగితం కూడా ఆ మేరకు పెరిగింది. అయినా అన్ని కంపెనీలనూ అన్ని దేశాలనూ ఒకేసారి పట్టుకోబోతే పెట్టె నిండుతుంది గాని సంగతి తేలదు. ఒక తయారీదారును, ఒక పది పదిహేనేళ్ల కాలాన్ని ఎంచుకోవడం మేలు.

ఎంచుకున్న తరువాత ఏది ఏ రకం కాగితమో గుర్తించడం నేర్చుకోవాలి. కంపెనీ ఏటా వేసే పూర్తి కేటలాగు, ఒకే కెమెరాకు వేసిన మడత కరపత్రం, దుకాణదారులకు మాత్రమే పంపిన తగ్గింపు ధరల జాబితా, గాజు బీరువాలో నిలబెట్టే అట్ట, పత్రికలో వచ్చిన ప్రకటన అన్నవి వేరువేరు వస్తువులు. కెమెరాతోపాటు పెట్టెలో వచ్చే సూచనల పుస్తకం నిజానికి ప్రకటన కాదు, కాని దాని చివరి పేజీలలో ఇతర సరుకుల ప్రకటనలు తరచుగా ఉంటాయి కనుక దాన్ని తీసిపారేయవద్దు. పత్రికల నుంచి కత్తిరించిన పేజీలు అన్నిటికన్నా సులువుగా దొరుకుతాయి. నేను వాటిని పెద్దగా కొనను. ఏ పత్రిక, ఏ నెల అన్నది కత్తెరతోనే పోతుంది. బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఫోటోగ్రఫీ వారి వార్షిక ఆల్మనాక్ వంటి సంపుటం పూర్తిగా దొరికితే, అందులోని ప్రకటన పేజీలే ఒక చిన్న గ్రంథాలయం. దాన్ని విడదీసి అమ్మేవారిని ప్రోత్సహించకూడదు.

ఇక తేదీ. ఈ కాగితాలలో చాలావాటిపై సంవత్సరం ఉండదు. నిల్వ ఉన్న ప్రతులు పాతబడినట్టు కనబడకూడదని వదిలేసేవారు కాబోలు. కనుక లోపలి ఆధారాల మీద ఆధారపడాలి. మొదట కంపెనీ పేరు చూడండి. ఈస్ట్‌మన్ సంస్థ 1892లోనే ఈస్ట్‌మన్ కోడక్ కంపెనీ అయింది. జర్మనీలోని డ్రెస్డెన్‌కు చెందిన ఇకా అనే కెమెరా కంపెనీ 1909లో ఏర్పడి, 1926లో ఎర్నెమన్, గోర్జ్, కోంటెస్సా-నెట్టెల్‌లతో కలిసి జైస్ ఇకాన్ అయింది కాబట్టి, ఇకా పేరొక్కటే ఉన్న కాగితం ఆ పదిహేడేళ్లలోనిదని చెప్పవచ్చు. పాత కరపత్రం మీద కొత్త కంపెనీ ముద్ర కొట్టి ఉంటే అది మరీ విలువైన సంగతి: విలీనం తరువాత మిగిలిన నిల్వను ఖర్చుచేస్తున్న కొద్ది నెలల నాటి కాగితం అది.

తరువాత చిరునామా. కోడక్ లండన్ కార్యాలయం కింగ్స్‌వేకు మారింది 1911లో. లండన్ తపాలా విభాగాలకు అంకెలు చేర్చింది 1917లో. కాబట్టి కింగ్స్‌వే చిరునామా చివర తపాలా విభాగం గుర్తుగా డబ్ల్యు.సి. అని మాత్రమే ఉంటే ఆ కరపత్రం దాదాపుగా 1911 - 1917 మధ్యది, డబ్ల్యు.సి. 2 అని ఉంటే ఆ తరువాతిది. ఒక్క అంకె ఇంత పని చేస్తుంది.

మూడవ ఆధారం కెమెరా పేరే. 1900 ఫిబ్రవరిలో ఒక డాలరుకు వచ్చిన కోడక్ వారి బ్రౌనీని మొదట్లో ఉత్త బ్రౌనీ అనే పిలిచారు, 1901లో నం. 2 బ్రౌనీ వచ్చాకే దాన్ని నం. 1 అనవలసిన అవసరం కలిగింది. పెద్దబ్బాయి అన్న పిలుపు రెండవ కొడుకు పుట్టాకే కదా వచ్చేది. అంకె లేని పేరు కనిపిస్తే అది తొలి నాటి కాగితం కావచ్చని ఒకసారి ఆగి చూడాలి. అలాగే ఏది లేదన్నది కూడా చెబుతుంది: జర్మన్ కెమెరా లైకా కేటలాగులో రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే సాధనం) ఉన్న నమూనా ఊసే లేకపోతే అది 1932కు ముందుదయ్యే అవకాశం ఎక్కువ. పేటెంటు తేదీలతో మాత్రం జాగ్రత్త అవసరం. 1888 సెప్టెంబరు 4 అన్న కోడక్ పేటెంటు తేదీ కనిపిస్తే ఆ కాగితం అంతకన్నా పాతది కాదని తెలుస్తుందే తప్ప, అది ఆ యేటిదని కాదు. అమ్మేవారు ఈ రెంటినీ కలిపేయడం నిత్యం జరిగే పొరపాటు.

అసలా నకలా అన్నది తేల్చడానికి పదిరెట్లు పెంచి చూపే భూతద్దం ఒకటి చాలు. ముందు బొమ్మను కాదు, అక్షరాన్ని చూడండి. సీసపు అచ్చులతో ముద్రించిన అక్షరం లోపల సిరా నిండుగా, అంచుల వద్ద కాస్త చిక్కగా పేరుకొని ఉంటుంది. కాగితాన్ని తిప్పి ఏటవాలు వెలుతురులో పట్టుకుంటే అక్షరాల ఒత్తిడి వెనుకవైపు గరుకుగా తగులుతుంది. ఫోటో తీసి రంగుల్లో మళ్లీ ముద్రించిన నకలులో అక్షరం కూడా చిన్నచిన్న చుక్కలుగా విడిపోయి, అంచు రంపంలా కనిపిస్తుంది. ఆ తరువాత బొమ్మ వైపు వెళ్లండి. 19వ శతాబ్దపు కేటలాగుల్లో కెమెరా బొమ్మ ఎక్కువగా చెక్కపై చెక్కినది; గీతలు లావెక్కుతూ సన్నబడుతూ సాగుతాయి గాని చుక్కలుండవు. ఆ శతాబ్దం చివరి దశకాల నుంచి వ్యాపించిన హాఫ్‌టోన్‌లో, అంటే ఫోటోను చుక్కలుగా విడగొట్టి అచ్చువేసే పద్ధతిలో, ఒకే నల్ల సిరా చుక్కలు వరుసకట్టి ఉంటాయి. నల్లగా కనిపించే చోట నీలం, గులాబీ, పసుపు చుక్కలు గుత్తులుగా తేలితే అది కొత్త ముద్రణే. అతినీలలోహిత దీపం కింద కాగితం తెల్లని నీలికాంతితో మెరిస్తే అందులో సుమారు 1950 తరువాతే వాడుకలోకి వచ్చిన తెలుపుపెంచే రసాయనం ఉన్నట్టు. మెరవనంత మాత్రాన పాతదని మాత్రం నిర్ధారించుకోకూడదు.

కొనుగోలు గురించి చెప్పవలసింది కొద్దిగానే ఉంది. ఈ కాగితాలు కెమెరాల వరుసలో కంటే పాత పుస్తకాల, తపాలా కార్డుల వరుసలో ఎక్కువగా దొరుకుతాయి. జర్మన్ సరుకుకు ప్రోస్పెక్ట్, ప్రైస్‌లిస్టె అన్న మాటలతో వెతకాలి. తోలు కెమెరా సంచి కొంటే లోపలి అరలలో వేలు పెట్టి చూడండి. మడిచిన కరపత్రం అక్కడే ఉండిపోవడం అరుదు కాదు. పేజీల సంఖ్య, అట్టలు రెండూ ఉన్నాయో లేదో, మధ్యలో ఏదైనా చీటీ ఉందో లేదో అడగకుండా డబ్బు చెల్లించవద్దు.

ఆ చీటీ గురించి నా సొంత పొరపాటు ఒకటి చెప్పాలి. కేటలాగు ఏళ్ల తరబడి వాడుకోవచ్చని, మారే ధరలను మాత్రం విడి చీటీ మీద ముద్రించి లోపల పెట్టేవారు. మొదట్లో నేను సైజుల వారీగా సర్దాలన్న ఉత్సాహంతో చీటీలన్నీ ఒక పెట్టెలో, కేటలాగులన్నీ మరొక పెట్టెలో పెట్టాను. ఆరు నెలల తరువాత ఏ చీటీ ఏ కేటలాగుదో చెప్పలేక కూర్చున్నాను. కొన్నింటిని పిన్ను వదిలిన తుప్పు మచ్చను బట్టి జతచేయగలిగాను. మిగిలినవి ఇప్పటికీ అనాథలే. వచ్చినది వచ్చినట్టే ఒకే కవరులో ఉంచండి. దుకాణదారు రబ్బరు ముద్రనూ, గుమాస్తా పెన్సిలుతో దిద్దిన ధరనూ చెరపవద్దు.

భద్రపరచడానికి ఆమ్లం లేని కాగితపు కవర్లు, లేదా పాలియెస్టర్ కవర్లు వాడాలి, పి.వి.సి. కవర్లు కాలక్రమేణా సిరాను లాగేస్తాయి. చిరిగినచోట సెల్లోటేపు అంటించడం, లామినేషన్ చేయించడం రెండూ తిరిగి సరిదిద్దలేని పనులు. తుప్పుపట్టిన పిన్నును లాగకూడదు. మధ్య పేజీ తెరిచి, పిన్ను కాళ్ల కింద పలుచని ప్లాస్టిక్ ముక్క దోపి, కాళ్లను ఒక్కొక్కటిగా నిటారుగా లేపి, వెనుకనుంచి మెల్లగా తీసి, అవే రంధ్రాలలో నూలుదారం వేయాలి. మడత వద్ద పెళుసెక్కిన కరపత్రాన్ని మాటిమాటికీ విప్పకుండా ఒక్కసారి స్కాన్ చేసుకొని, ఆపై ఆ స్కాన్‌నే చూసుకోవాలి.

స్కాన్ 600 డి.పి.ఐ.లో (అంగుళానికి 600 చుక్కలు), ఖాళీ పేజీలతో, చివరి అట్ట వెనుకవైపుతో సహా తీయండి. అచ్చు సంఖ్య తరచుగా అక్కడే, అడుగున, చీమంత అక్షరాల్లో ఉంటుంది. జాబితాలో కంపెనీ, చిరునామా, పేజీలు, కొలతలతోపాటు మీరు నిర్ణయించిన తేదీనీ, దానికి ఆధారాన్నీ విడిగా రాయండి. తంతి సంకేత పదాలు కనిపిస్తే అవీ ఎత్తి రాయండి. మాటకింత అని తంతి రుసుము ఉన్న రోజుల్లో లైకాను తయారుచేసిన లైట్జ్ కంపెనీ ఒక్కొక్క పరికరానికి ఒక్కొక్క పొట్టి పేరు పెట్టింది: కటకానికి తొడిగే గొట్టం ఫిసాన్, ఒక వ్యూఫైండర్ (బొమ్మలో ఏం పడుతుందో చూసుకునే సాధనం) విడోమ్. కేటలాగులో ఆ మాట ఎదుట ఏ బొమ్మ ఉందో రాసిపెట్టుకుంటే, రేపు పేరు తెలియని పరికరం చేతికి వచ్చినప్పుడు అది ఏమిటో మీ జాబితాయే చెబుతుంది.