కొండకు పోతున్నారా? కోతులతో కాస్త జాగ్రత్త

వేసవి సెలవులొస్తే తిరుమలకు వెళ్లే అలిపిరి మెట్లదారిలో జనం పెరుగుతారు. వాళ్ల చేతుల్లో కవర్లు కూడా పెరుగుతాయి. కోతులకు కావలసింది ఆ కవరే. మనిషితో వాటికి పనిలేదు, పగ అంతకన్నా లేదు. కరిచిన సందర్భాల్లో చాలావరకు తిండి దగ్గర జరిగిన గుంజులాటలే.

ఆ దారిలోని గాలిగోపురం దగ్గర కాసేపు కూర్చుంటే వాటి పని తీరు అర్థమవుతుంది. పిట్టగోడ మీద ఒకటి ఎటో చూస్తున్నట్టు కూర్చుంటుంది. లడ్డూల సంచి పట్టుకున్న మనిషి ఫోన్ తీయగానే వెనక నుంచి దిగి, సంచిని లాక్కోదు, అడుగు చింపుతుంది. లడ్డూలు దొర్లాక ఎవరు ఏరుకుంటారో చెప్పక్కర్లేదు. దొరికినవి దొరికినట్టు దవడ సంచుల్లో కుక్కుకుని చెట్టెక్కి తీరిగ్గా నములుతుంది.

అందుకే తినేవేవీ బయటికి కనిపించకూడదు. పండ్లు, చిప్స్, ప్రసాదం అన్నీ జిప్ ఉన్న బ్యాగులో పెట్టి భుజాలకు తగిలించుకోండి. చేతిలో వేలాడే కవర్‌లో చెప్పులున్నా వాటికి అనుమానమే. కొండమీది జాపాలి ఆంజనేయస్వామి గుడి, కింద కపిలతీర్థం, తలకోన జలపాతం దగ్గరా ఇంతే. జాపాలికి కొబ్బరికాయ, అరటిపండ్లు తీసుకెళ్లేవాళ్లు గుడి దాకా వాటిని బయటికి తీయకండి. నీళ్ల సీసా కూడా బ్యాగులోనే ఉండాలి. కొండమీద నీళ్లు అమ్మేది గాజు సీసాల్లో. కోతి లాగి వదిలేస్తే, వెనక వట్టి కాళ్లతో వచ్చేవాళ్ల సంగతి ఆలోచించండి.

కారు ఆపితే అద్దాలు పూర్తిగా ఎక్కించండి. బండి హుక్కుకు సంచి తగిలించి దర్శనానికి పోతే, తిరిగొచ్చేసరికి అది ఉండదు.

ఇక ఆంజనేయస్వామి రూపమని పండు పెట్టే అలవాటు. జాపాలి లాంటి చోట ఈ మాట ఎత్తితే పెద్దవాళ్లకు కోపం వస్తుంది, తెలుసు. కానీ మీరు పెట్టిన పండు తిని మరిగిన కోతి, మీ వెనక వచ్చే పిల్ల చేతిలో బిస్కెట్ ప్యాకెట్ మీద పడుతుంది. ఆ పిల్లకు పండు పెట్టడం రాదు, అరవడం వచ్చు. పైగా పారేసిన తిండి కోతులను, కుక్కలను దారి పక్కకు రప్పిస్తే, వాటి కోసం చిరుత వస్తుంది. 2023లో అలిపిరి దారిలోనే చిరుత ఒక పాపను చంపిన తర్వాత, నడిచి వెళ్లేవాళ్ల చేతికి కర్రలిచ్చిన రోజులు మరిచిపోయేంత పాతవేమీ కావు. స్వామికి పెట్టాలనుకుంటే గుడిలో పెట్టండి.

కోతి ఎదురుగా వచ్చి నిలబడితే కళ్లలోకి చూడకండి. తేరిపార చూస్తే కయ్యానికి పిలిచినట్టే. పళ్లు కనబడేలా నవ్వడం, సెల్ఫీ కోసం మొహం దగ్గరికి వంచడం వద్దు. రెండు చేతులూ చాపి ఖాళీగా ఉన్నాయని చూపించి, వెన్ను చూపకుండా మెల్లగా పక్కకు జరగండి. పరుగెత్తితే వెంటపడుతుంది. సంచి పట్టుకుందంటే వదిలేయండి. రెండొందల రూపాయల సామాను కోసం కోతితో గుంజులాడితే ఆస్పత్రి టెన్షన్ మీకే. చిన్నపిల్లలను ఎత్తుకోండి. పొట్టకు పిల్లను హత్తుకున్న తల్లి కోతి కనిపిస్తే ఎంత ముద్దొచ్చినా దూరంగా తప్పుకోండి. గుంపు మొత్తం దాని వెనకే ఉంటుంది. కర్ర చేతిలో ఉంటే నేలమీద తట్టండి, కొట్టకండి.

కరిచినా, గీరినా ముందు చేయాల్సింది సబ్బు పెట్టి ధారగా పారే నీళ్ల కింద కడగడం. పదిహేను నిమిషాలు, గడియారం చూసి మరీ. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏదీ పెట్టకండి. గట్టిగా కట్టు కూడా కట్టకండి. తర్వాత ఆలస్యం చేయకుండా కొండమీద ఉంటే అశ్విని ఆస్పత్రికి, కింద ఉంటే తిరుపతి రుయా ఆస్పత్రికి వెళ్లండి. రక్తం వచ్చిన గాయమైతే రేబిస్ టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోపు కాపాడే సూదిమందు) కూడా అవసరం. ఆ మాట మీరే డాక్టరును అడగండి. ధనుర్వాతం రాకుండా వేసే టీటీ సూది గురించి కూడా అడగండి.

"కోతి బాగానే ఉంటుందేమో పది రోజులు చూద్దాం" అని ఎవరైనా అంటే వినకండి. ఆ లెక్క కుక్కకు, పిల్లికి. కొండమీది కోతిని పది రోజులు కనిపెట్టి ఉండేదెవరు?

టీకా ఒక్కసారితో అయిపోదు. మొదటి సూది వేసిన రోజును సున్నాగా లెక్కపెట్టి 3, 7, 28 రోజుల్లో మళ్లీ చర్మంలోకి వేస్తారు. కండరానికి వేసే పద్ధతిలో 14వ రోజు ఇంకొకటి ఉంటుంది. అప్పటికి మీరు ఊరు చేరిపోతారు కాబట్టి, ఏ టీకా, ఏ పద్ధతిలో, ఏ తేదీన వేశారో రాసిన చీటీ అడిగి తీసుకోండి. దాన్ని ఫోన్లో ఫొటో తీసుకోండి. మిగిలిన డోసులు మీ ఊరి ప్రభుత్వాసుపత్రిలో ఆ చీటీ చూపించి వేయించుకోవచ్చు.