ముక్కుని కాదు, గడియారాన్ని నమ్మండి

వండింది పాడైందో లేదో తేల్చడానికి నాకు ఒకటే పరీక్ష తెలుసు: మూత తీసి వాసన చూడటం. ఓ రాత్రి స్టవ్ మీదే మర్చిపోయిన అన్నం పొద్దున్నకి భేషుగ్గానే ఉంది. జిగురు లేదు, వాసన లేదు. పొగలొచ్చేదాకా వేడి చేసుకుని తిన్నాను. రెండు గంటలు తిరక్కుండానే వాంతులు.

తర్వాత తెలిసిందేంటంటే, బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా స్పోర్ల రూపంలో ఉంటుంది. గట్టి పెంకున్న గింజల్లాంటివి, అన్నం ఉడికినా చావవు. అన్నం బయట ఉండిపోతే మేలుకుని, పెరిగి, విషం వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. నేను పొగలొచ్చేలా కాచింది ఆ విషాన్నే.

అందుకే ఇప్పుడు స్టవ్ కట్టగానే టైమ్ చూసుకుంటాను. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య బ్యాక్టీరియా జోరుగా పెరుగుతుంది. కాబట్టి మిగిలింది 2 గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. ఎండలు మండిపోయి గదిలో 32 డిగ్రీలు దాటితే గంటే గడువు.

అలాగని గిన్నెకి గిన్నె లోపలికి తోసేస్తే సరిపోదు. నేనోసారి చిక్కటి కూర నిండుగా ఉన్న పెద్ద గిన్నెని అలాగే పెట్టేశాను. నాలుగు గంటల తర్వాత అంచున వేలు పెడితే చల్లగా తగిలింది. గరిటె నడిమధ్యకి దింపి తీస్తే మాత్రం గరిటె నులివెచ్చగా ఉంది! ఇప్పుడు లోతు లేని డబ్బాల్లోకి రెండంగుళాల మందానికి మించకుండా సర్దుతాను. తొందరగా ఉంటే డబ్బాని చల్లటి నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచుతాను. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలకి మించకూడదు. లోపల పెట్టే చిన్న థర్మామీటర్ ఉంటే ఈ టెన్షన్ ఉండదు.

కూరగాయలకైతే టైమ్ మొదలయ్యేది చాకు పడ్డాక. తొక్క ఉన్నంతసేపు అదే కాపలా. అందుకే కడగడం ముందు, చెక్కు తీయడం తర్వాత. మట్టితో ఉన్నదాన్ని అలాగే కోస్తే ఆ మట్టి చాకుతో పాటు లోపలికి దిగుతుంది. పారే నీళ్ల కింద చేత్తో రుద్దితే చాలు, గట్టివాటికి బ్రష్ వాడండి. సబ్బు వద్దు, అది లోపలికి ఇంకుతుంది. ఆకుకూరని కాడలు విడదీసి, వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి ముంచి, పైకి ఎత్తి తీయాలి. గిన్నెని వంచేస్తే అడుగున పేరుకున్న ఇసుక మళ్లీ ఆకు మీదే పడుతుంది. నీళ్లలో ఇసుక కనిపించనంత వరకూ ఇదే పని, నాకు మూడుసార్లు పడుతుంది. బంగాళాదుంపలో పచ్చబడిన చోటు, మొలకలు లోతుగా కోసి పారేయండి. చేదుగా ఉంటే మొత్తం పారేయండి. పచ్చి మాంసం కోసిన చెక్క మీద కూరగాయలు తరగొద్దు. తరిగిన ముక్కలు వెంటనే వండకపోతే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి, నీళ్లలో నానబెడితే సి విటమిన్ నీళ్లపాలే.

మళ్లీ వేడి చేసేటప్పుడు తినేంత మాత్రమే తీసి, మధ్యలో కూడా పొగలొచ్చేదాకా, అంటే 74 డిగ్రీలు అందేలా కాచాలి. మైక్రోవేవ్ అక్కడక్కడా చల్లగా వదిలేస్తుంది, సగంలో ఆపి కలపండి. ఒకసారి వేడి చేసి మిగిలినదాన్ని నేను మళ్లీ దాచను. అన్నానికి ఒక్క రోజు, మిగతావాటికి మూడు రోజులే ఇస్తాను.

ప్రతి డబ్బా మూత మీద కాగితం టేపు ముక్క అంటించి, వారం, టైమ్ రాస్తాను. "ఇది బాగానే ఉందిగా, కావాలంటే వాసన చూడు" అని ఇంట్లోవాళ్లు ఇప్పటికీ డబ్బా నా ముక్కు దగ్గరికి తెస్తారు. నేను మూత తిప్పి టేపు చూస్తాను.