పాత పెల్లెట్ స్టవ్ మొరాయిస్తే ముందుగా గాలిదారిని చూడండి

రంపపు పొట్టును అదిమి చేసిన గుళికలతో మండే పెల్లెట్ స్టవ్ పాతబడే కొద్దీ ఆలస్యంగా వెలగడం, మధ్యలో ఆరిపోవడం, అద్దం నల్లబడటం మొదలవుతుంది. ఇవి కనిపించగానే చాలామంది మోటారునో సర్క్యూట్ బోర్డునో అనుమానిస్తారు గానీ, తరచుగా అసలు కారణం బూడిద పేరుకుని గాలి ఆడకపోవడమే కాబట్టి, విడిభాగాలు కొనేముందు స్టవ్‌ను పూర్తిగా శుభ్రం చేసి చూడటం మంచిది.

మంటను గమనిస్తే సగం విషయం తెలిసిపోతుంది. గాలి సరిపడా అందుతున్నప్పుడు మంట పొట్టిగా, చురుగ్గా, పసుపు కలిసిన తెలుపు రంగులో ఉంటుంది. అది పొడుగ్గా సాగి, నారింజ రంగుకు తిరిగి, మందకొడిగా ఊగుతూ కొసన నల్లటి పొగ వదులుతుంటే గాలి చాలడం లేదని అర్థం.

స్టవ్ పూర్తిగా చల్లారాక ప్లగ్ తీసేసి పని మొదలుపెట్టాలి. బూడిద అడుగున నిప్పు చాలాసేపు దాగి ఉంటుంది కనుక మామూలు వాక్యూమ్ క్లీనర్ వాడకూడదు. ఎత్తిన బూడిదను మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి ఇంటి బయట ఉంచాలి. గుళికలు మండే గిన్నెలో గట్టిపడిన చిట్టాన్ని గీకి, అడుగు రంధ్రాలను ఒక్కొక్కటిగా సన్నని తీగతో పొడవాలి. తర్వాత వెనక పలకల చాటున ఉండే పొగదారులు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కలు, పొగగొట్టం మలుపు శుభ్రం చేయాలి. ఈ మలుపును మరిచిపోయేవారే ఎక్కువ.

తలుపు అంచున గాలి చొరబడకుండా ఉండే తాడు గాస్కెట్‌ను పరీక్షించడానికి ఒక కాగితం ముక్కను తలుపు సందులో పెట్టి బిగించి లాగండి. అది సునాయాసంగా జారి వచ్చేస్తే తాడు అణిగిపోయిందన్నమాట. పొగ బయటికి లాగబడుతోందో లేదో పసిగట్టే వాక్యూమ్ స్విచ్‌కు వెళ్లే సన్నని రబ్బరు గొట్టం కూడా స్టవ్ వైపు కొసలో మసితో మూసుకుపోతుంటుంది. దాన్ని స్విచ్ నుంచి ఊడదీశాకే ఊదాలి, లేకపోతే లోపలి పల్చటి పొర చిరిగిపోతుంది. స్విచ్‌ను తప్పించి తీగలు నేరుగా కలిపేయడం ప్రమాదకరం, ఎందుకంటే పొగ బయటికి పోనప్పుడు గుళికలను ఆపేది అదే.

గుళికలు పడకపోతే చెవి పెట్టి వినండి. గుళికలను గిన్నెలోకి పంపే మోటారు మూలుగుతూ తిరగకపోతే, గుళికలు నింపే తొట్టి అయిన హాపర్‌ను ఖాళీ చేసి, అడుగున బిగిసిన పొడిని, చెమ్మకు ఉబ్బిన గుళికలను తొలగించాలి. అసలు శబ్దమే లేకపోతే హాపర్ మూత స్విచ్‌ను, అతివేడి స్విచ్‌ను చూడాలి. రెండోది ట్రిప్ అయి ఉంటే, గదిలోకి వేడిగాలి పంపే ఫ్యాన్ దుమ్ము పట్టి ఉందేమో చూశాకే రీసెట్ చేయాలి.

గుళికలు పడుతున్నా అంటుకోకపోతే, పెల్లెట్ స్టవ్‌ల కోసం అమ్మే జెల్‌తో చేత్తో వెలిగించి చూడండి. ఆ తర్వాత బాగా మండితే అనుమానం గుళికలను అంటించే ఇగ్నైటర్ మీదే. దాన్ని విడదీసి మల్టీమీటర్‌తో కొలిస్తే, 230 వోల్టుల, 300 వాట్ల ఇగ్నైటర్‌కు సుమారు 176 ఓములు రావాలి. రీడింగే రాకపోతే అది కాలిపోయినట్టే.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ కీచుమంటుంటే బేరింగులు అరిగినట్టు. ఫ్యాన్ మార్చేటప్పుడు దాని గాస్కెట్ కూడా మార్చకపోతే ఆ సందులోంచి పొగ గదిలోకి వస్తుంది. పొగతో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు కనుక, తిరిగి వెలిగించేముందే ఆ వాయువును పసిగట్టే అలారం పనిచేస్తోందో లేదో నొక్కి చూసుకోవాలి.