పైచేతి నాడుల్లో వైవిధ్యాలు – 4వ పాఠం: సంధాన శాఖను గుర్తించడం

శవవిచ్ఛేదన బల్ల మీది చేతిలో, చంకలోని ధమనికి ముందు ఎం అక్షరంలా అమరిన నాడులను గత పాఠంలో శుభ్రం చేశాము. ఆ అక్షరపు బయటి కాలైన మస్క్యులోక్యుటేనియస్ నాడిని ఇప్పుడు కిందికి అనుసరించాలి. పుస్తకం చెప్పినట్లయితే అది పైచేతి లోపలి వైపు ఉండే కొరాకోబ్రాకియాలిస్ కండరాన్ని తొలుచుకుని, మోచేతిని మడిచే బైసెప్స్‌కూ దాని కిందనున్న బ్రాకియాలిస్‌కూ నడుమ దిగి, ఈ మూడు కండరాలకూ శాఖలిచ్చి, చివరకు ముంజేతి బయటి వైపు చర్మానికి చేరుతుంది. బల్ల మీది చేయి పుస్తకం చదివి పుట్టలేదు కనుక, ఈ నాడికీ, ముంజేతికీ బొటనవేలి కండరాలకూ వెళ్లే మీడియన్ నాడికీ మధ్య ఒక సంధాన శాఖ, అంటే రెంటినీ కలిపే కొమ్మ, కనిపించే అవకాశం ఉంది.

తిరుపతిలో మొదటి సంవత్సరం చదువుతున్నప్పుడు నేను అలాంటి శాఖనే పొర అనుకుని స్కాల్పెల్‌తో తెగ్గోశాను. మిగిలినవి రెండు తెల్లని మొనలు మాత్రమే. అందుచేత పైచేతి నడిమి భాగంలో కత్తిని పక్కన పెట్టి, బైసెప్స్‌ను బయటికి ఎత్తిపట్టి, మూసిన ఫోర్సెప్స్ మొనతో కొవ్వును నెమ్మదిగా విడదీయండి. సంధాన శాఖ సాధారణంగా మస్క్యులోక్యుటేనియస్ నాడి నుంచి ఏటవాలుగా కిందికి, లోపలికి దిగుతుంది. పొరను లాగితే పలుచగా పరచుకుంటుంది. నాడి మాత్రం వేలి కింద గట్టి దారంలా దొర్లుతుంది. అయినా రెండు కొసలూ కళ్లతో చూడనిదే దానికి పేరు పెట్టవద్దు.

స్వర్ణముఖిలో ఇసుకదిబ్బ దగ్గర విడిన పాయ దిగువన మళ్లీ కలిసినట్లు, మీడియన్‌కు చెందిన తంతువులు కొంతదూరం మస్క్యులోక్యుటేనియస్‌లో ప్రయాణించి తిరిగి సొంతగూటికి చేరడమే ఇక్కడ తరచుగా జరిగేది. ఫ్రెంచి శరీరనిర్మాణ శాస్త్రవేత్త లె మీనోర్ 1990లో ఈ అమరికలను 5 రకాలుగా విభజించారు. మొదటి రకంలో సంధానమే లేదు. అయిదవ రకంలో మస్క్యులోక్యుటేనియస్ నాడే లేదు, దాని తంతువులన్నీ మీడియన్ వెంట వచ్చి బైసెప్స్‌కు అక్కడి నుంచే శాఖలిస్తాయి. అలాంటి చేతిలో మీడియన్ పైభాగాన తెగితే మోచేయి మడవడం కూడా దెబ్బతింటుంది. సంధాన శాఖ ఉన్న చేతిలోనైతే, శాఖకు పైన మస్క్యులోక్యుటేనియస్ తెగినప్పుడు బొటనవేలి కదలిక బలహీనపడవచ్చు. రోగిని పరీక్షించేవారిని తికమకపెట్టేది ఇదే.

అభ్యాసంగా, కొరాకాయిడ్ మొన (భుజం ముందు వైపుకు పొడుచుకొచ్చిన రెక్క ఎముక కొస) నుంచి మస్క్యులోక్యుటేనియస్ నాడి కొరాకోబ్రాకియాలిస్ కండరంలోకి దిగే చోటు వరకు టేపుతో కొలవండి. సగటున అది 5 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువే గాని, 3 సెంటీమీటర్లకే దిగే చేతులూ ఉన్నాయి. ఒక చేతిలో కనిపించింది రెండో చేతిలో ఉండి తీరాలని లేదు కాబట్టి, రెండు వైపులా కొలిచి, విడివిడిగా బొమ్మ గీసుకోండి. నాడి కండరాన్ని అసలు తొలవని సందర్భాలను వచ్చే పాఠంలో ఆ బొమ్మల మీదనే చూద్దాం.