నైరోబీ వీధి బాలుర హోమ్‌లో సేవకు వస్తున్నవారికి

టికెట్ కొనేలోపే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోండి. హైదరాబాద్‌వాళ్లయితే నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు పడి ఉండాలి. టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డుతో అసలు పని పడేది ఇక్కడ దిగేటప్పుడు కాదు, సెలవులకి ఇంటికి వెళ్లేటప్పుడు. అది లేకపోతే మన విమానాశ్రయంలోనే పక్కన నిలబెట్టి క్వారంటైన్‌కి పంపిస్తారు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. పాస్‌పోర్టుతో కలిపి దాచుకోండి.

ఇక పర్మిట్. 2024 జనవరి నుంచి కెన్యాలో వీసా పోయి ఈటీఏ, అంటే బయల్దేరే ముందే తీసుకునే ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి, వచ్చింది. ఆన్‌లైన్‌లో త్వరగానే వస్తుంది కాబట్టి చాలామందికి ఒక ఆలోచన తడుతుంది: ముందు టూరిస్టుగా వెళ్లిపోదాం, జీతం లేని సేవే కదా, ఎవరడుగుతారు అని. అడుగుతారు. జీతం లేకపోయినా పని పనే. మత, ధార్మిక సంస్థల్లో పనిచేసేవాళ్లకి ఇక్కడ క్లాస్ ఐ అని వేరే పర్మిట్ ఉంది. మిమ్మల్ని పిలిచిన సంస్థే దరఖాస్తు పెట్టాలి, చేతికి రావడానికి నెలలు పట్టవచ్చు. ఈలోపు మీరు పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, చదువు కాగితాలు, మీ సంఘం నుంచి ఉత్తరం సిద్ధం చేసుకోండి. "ముందు వచ్చేయండి బ్రదర్, కాగితాలు తర్వాత చూసుకుందాం" అనే సంస్థ పిల్లల కాగితాలు ఎలా చూసుకుంటుందో కూడా ఒకసారి ఆలోచించండి.

సామాను, చలి, గడియారం

ఆఫ్రికా అనగానే ఎండలే అనుకుని పల్చటి కాటన్ చొక్కాలతో దిగేవాళ్లు ఎక్కువ. నైరోబీ సముద్ర మట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. మనకి ఉక్కపోసే జూలైలో ఇక్కడ స్వెట్టర్ లేనిదే పొద్దున ప్రార్థనకి కూర్చోలేరు. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చిన్న వానలు. ఎర్రమట్టి బురదలో నడవడానికి మంచి బూట్లు కావాలి. నైరోబీలో మలేరియా తక్కువే గానీ విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న కిసుము వైపుగానీ, సముద్ర తీరానికిగానీ పంపిస్తే డాక్టర్ని అడిగి మాత్రలు తీసుకోండి.

ప్లాస్టిక్ క్యారీబ్యాగులు 2017 ఆగస్టు 28 నుంచి ఇక్కడ నిషేధం. అమ్మ పచ్చడి సీసాలకి చుట్టి ఇచ్చే కవర్లు ఇంటి దగ్గరే వదిలేసి స్టీలు డబ్బాలు వాడండి. పప్పులూ కారాలూ మోసుకురావద్దు. పార్క్‌లాండ్స్, ఎన్‌గారా వైపు వెళితే గుజరాతీ దుకాణాల్లో కరివేపాకు దగ్గర్నుంచి అన్నీ దొరుకుతాయి. బియ్యానికి మ్వేయాలో పండే పిషోరి అడగండి, వండుతుంటే వాసన వస్తుంది. ప్లగ్గులు మాత్రం చదునైన మూడు పిన్నులవి, ఒక అడాప్టర్ తెచ్చుకోండి.

దిగగానే పాస్‌పోర్టు చూపించి సిమ్ తీసుకుని ఎంపెసా తెరవండి. కూరగాయల బండి నుంచి కరెంటు టోకెన్ దాకా అన్నిటికీ ఫోన్లోనే కడతారు. మనకి ఫోన్‌పే అలవాటే కాబట్టి కష్టమేమీ ఉండదు, కాకపోతే ఇక్కడ మరీ చిన్న మొత్తాలకి తప్ప పంపినప్పుడల్లా కొంత రుసుము పోతుంది.

గడియారం సంగతి మాత్రం మొదటి వారంలోనే నేర్చుకోవాలి. స్వాహిలీలో రోజు లెక్క సూర్యోదయంతో మొదలవుతుంది. హోమ్‌లో పిల్లల్ని చూసుకునే మేట్రన్ "సా మ్బిలి" అంటే రెండో గంట, అంటే పొద్దున ఎనిమిది. చెప్పిన అంకెకి ఆరు కలుపుకోవాలి. ఇంగ్లిషులో చెబితే మామూలు లెక్కే. పిల్లవాణ్ని క్లినిక్‌కి తీసుకెళ్లాల్సిన రోజున ఏ భాషలో చెప్పారో అడిగి రాసుకోండి.

మిమ్మల్ని ఎవరనుకుంటారు

తెల్లవాళ్లు దిగితే పిల్లలు "ముజుంగు" అంటారు. మనల్ని చూస్తే "ముహిందీ". ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. 1896లో మొదలైన ఉగాండా రైల్వే పనికి బ్రిటిష్‌వాళ్లు ఇండియా నుంచి, ఎక్కువగా పంజాబ్ నుంచి, 30 వేల మందికి పైగా కూలీల్ని తెచ్చారు. ఆ వెనకే వ్యాపారులూ వచ్చారు. వాళ్ల మనవలు, మునిమనవలు ఇక్కడే పుట్టి పెరిగారు. 2017లో ప్రభుత్వం వాళ్లని దేశపు 44వ తెగగా గుర్తించింది కూడా. కానీ రోడ్డు మీద పెరిగిన కుర్రాడికి తెలిసిన ముహిందీ అంటే దుకాణం యజమాని, గుమ్మం ముందు నిలబడితే తరిమే మనిషి. మీరు మిషనరీ అని బోర్డు పెట్టుకున్నా వాడికి ముందు గుర్తొచ్చేది ఆ గుమ్మమే. మనసు చిన్నబుచ్చుకోకండి. "మీ దుకాణం ఎక్కడ?" అని ఒకరిద్దరు అడిగి తీరతారు.

ఇంకో సంగతి, మనవాళ్లకి ఇది మింగుడు పడదు. మన ఊళ్లల్లో పది క్రైస్తవ ఇళ్ల మధ్య ఒక ప్రార్థన మందిరం. ఇక్కడ 2019 జనాభా లెక్కల్లో నూటికి 85 మందికి పైగా క్రైస్తవులమని రాయించుకున్నారు. మటాటు (ఇక్కడి మినీబస్సు) వెనక అద్దం మీద వాక్యం, బడిలో ప్రార్థన, ఆదివారం బస్తీ అంతా మైకులు. హోమ్‌లో కుర్రాడికి మీకంటే ఎక్కువ కీర్తనలు కంఠతా వచ్చి ఉండొచ్చు, డాన్సుతో సహా. సువార్త తెలియని చోటికి వెళ్తున్నానని సంఘంలో సాక్ష్యం చెప్పి బయల్దేరితే ఇక్కడ చేయడానికి పనేమీ కనపడదు. గిన్నెలు కడిగేచోట, హోంవర్క్ బల్ల దగ్గర, ఆసుపత్రి క్యూలో మాత్రం మనిషి ఎప్పుడూ చాలడు.

ఈ పని ఇక్కడ కొత్తదీ కాదు. బ్రిటిష్ పాలన మీద లేచిన మౌ మౌ తిరుగుబాటు తర్వాత దిక్కులేని కుర్రాళ్ల కోసం 1959లో రెండు రేకుల షెడ్లతో మొదలైన స్టారెహే బాయ్స్ సెంటర్ ఇవాళ దేశంలో పేరున్న బడుల్లో ఒకటి. 1973లో ఫాదర్ ఆర్నాల్డ్ గ్రోల్ అనే డచ్ గురువు వీధి కుర్రాళ్ల కోసం ఉందుగు సొసైటీ పెట్టారు. మన విజయవాడ నవజీవన్ బాలభవన్‌లో పనిచేసి వచ్చినవాళ్లకి ఈ తరహా పని అంతా చెయ్యి తిరిగినదే. మీరు కొత్తగా కనిపెట్టాల్సింది పెద్దగా లేదు. మొదటి కొన్ని నెలలు మేట్రన్‌నీ, సోషల్ వర్కర్‌నీ చూసి నేర్చుకోండి. ఇండియా నుంచి వచ్చాను, డిగ్రీ ఉంది అని వాళ్ల పై మనిషిలా కూర్చోకండి.

పిల్లలు

కొత్తగా చేరిన కుర్రాడికి మంచం ఇస్తారు, దుప్పటి ఇస్తారు. తెల్లారి చూస్తే మంచం కింద, గోడకి ఆనుకుని, బూట్లు తల కింద పెట్టుకుని పడుకుని ఉంటాడు. రోడ్డు మీద బూట్లు విప్పి పక్కన పెడితే పొద్దునకి ఉండవు మరి. పైకి లేపి పడుకోబెట్టకండి. కొన్నాళ్లకి వాడే ఎక్కుతాడు. దిండు కింద చపాతీ ముక్కలు దొరుకుతాయి. చీమలు పడతాయని తిట్టి తీసేస్తే ఇంకోచోట దాస్తాడు. రాత్రి ఆకలేస్తే ఎక్కడ తినొచ్చో చూపించడం మేలు.

చాలామందికి జిగురు పీల్చే అలవాటు ఉండి వస్తారు. చెప్పులు అతికించే జిగురు, చిన్న సీసాలో పోసి అమ్ముతారు. ఆకలీ చలీ తెలియకుండా ఉంటుందని మొదలుపెడతారు. మానేశాక మొదటి రోజుల్లో నిద్ర, చిరాకు, కొట్లాట. హోమ్‌లో జిగురు, థిన్నరు, పెట్రోలు తాళం వేసి ఉంచండి. తాళం చెవి మీ జేబులో కాదు, స్టోర్ రిజిస్టర్ రాసేవాళ్ల దగ్గర ఉండాలి. కాళ్లు కూడా చూడండి. గోళ్ల చుట్టూ నల్లటి చుక్కలాంటివి కనపడితే ఫుంజా పురుగు చేరిందన్నమాట. పిన్నుతో పొడవకుండా నర్సుకి చూపించండి.

"చోకోరా" అనే మాట మీకు రోజూ వినిపిస్తుంది. చెత్తకుప్పలో ఏరుకునేవాడని తిట్టు. పిల్లలు తమలో తాము సరదాకి అనుకుంటారు, మీరు మాత్రం ఎప్పుడూ అనకండి. వాళ్లు మాట్లాడేది షెంగ్. స్వాహిలీ, ఇంగ్లిషు, ఇంకో నాలుగు భాషలు కలిసి ఏడాదికోసారి మారిపోయే భాష. అది నేర్చుకోవాలని పాకులాడకండి, పెద్దవాళ్లు షెంగ్ మాట్లాడితే పిల్లలకి నవ్వొస్తుంది. శుభ్రమైన స్వాహిలీ నేర్చుకోండి. పిడికిలి చాపి "సాసా" అంటే మీరూ పిడికిలి తాకించి "పోవా" అంటే చాలు.

తిండి రోజూ ఉగాలి, సుకుమా వికీ అనే ఆకుకూర. ఉగాలి అంటే మొక్కజొన్న పిండితో చేసే సంగటి అనుకోండి. సీమవాళ్లకి ఇబ్బందే ఉండదు. వారంలో కొన్నాళ్లు మొక్కజొన్న గింజలూ చిక్కుళ్లూ కలిపి ఉడికించిన గిథేరి. మన కారం వాళ్ల ప్లేట్లో వేయకండి. మంచిచేసుకోవాలంటే ఒక్కటే దారి, చపాతీ. ఇక్కడ అది పండగ తిండి, క్రిస్మస్‌కి చేసుకునేది. పిండి మెత్తగా కలిపి, నూనె రాసి, పొరలుగా చుట్టి ఒత్తే పద్ధతి మేట్రన్ దగ్గర నేర్చుకోండి. మన పుల్కా చూపిస్తే జాలిగా చూస్తారు.

సున్తీ గురించి ముందే చెప్పాలి. కికుయు, కంబా, లుహ్యా లాంటి చాలా తెగల్లో కుర్రాడు మగవాడిగా లెక్కలోకి వచ్చేది దానితోనే. బుకుసువాళ్లు సరిసంఖ్య సంవత్సరాల్లో ఆగస్టులో చేస్తారు. లువోలకి సంప్రదాయంగా లేదు. హోమ్‌లో అన్ని తెగల పిల్లలూ ఉంటారు కాబట్టి ఇది మాటామాటా పెరిగే విషయం. డాక్టరు, మేనమామ, కెన్యా మగ సిబ్బంది కలిసి చూసుకుంటారు. మీరు బైబిల్ తెరిచి, సున్తీ అక్కర్లేదని పౌలు రాసిన గలతీ పత్రికతో వాదనకి దిగకండి. సున్తీ జరిగిన సెలవు తర్వాత ఆ కుర్రాణ్ని "చిన్నోడా" అని పిలవకండి, చిన్నపిల్లల గదిలో పడుకోమనకండి. అలాగే ఎవరినీ "నీది ఏ తెగ?" అని అడగకండి. 2007 ఎన్నికల తర్వాత జరిగిన గొడవల్లో ఇళ్లు తగలబడ్డ కుటుంబాలు ఇంకా ఉన్నాయి.

దాటకూడని గీతలు

తలుపు మూసిన గదిలో ఒక్క పిల్లవాడితో ఉండకండి, ప్రార్థన చేయడానికైనా సరే. కొట్టడం కెన్యాలో చట్టరీత్యా నేరం, మన హాస్టల్లో వార్డెన్ బెత్తం తిని పెరిగాం కదా అని ఇక్కడ చెయ్యెత్తకండి. ఏదైనా తప్పు కనపడితే హోమ్ పెద్దకి చెప్పి ఊరుకోవద్దు. 116 అనే పిల్లల హెల్ప్‌లైన్ ఉంది, మన 1098 లాంటిదే. ఒక్కడికే బూట్లు కొనివ్వకండి. బంధువులు ఫోన్ చేసి ఎంపెసా పంపమంటే వాళ్లని ఆఫీసుతో మాట్లాడమనండి.

ఫొటోల సంగతి దగ్గర మనవాళ్లకి చెబితే కోపం వస్తుంది, అయినా చెప్పాలి. నెలకో ప్రార్థన లేఖ, అందులో చిరిగిన చొక్కాతో పిల్లవాడి ఫొటో, కింద "అనాథ" అని. వీళ్లలో చాలామందికి తల్లి ఉంది, లేకపోతే అమ్మమ్మ ఉంది. ఆ ఫొటో వాట్సాప్‌లో గుంటూరు దాకా తిరిగి, వాడు పాతికేళ్లకి ఉద్యోగానికి వెళ్లినప్పుడు కూడా ఎక్కడో ఉంటుంది. వెనక నుంచి తీసిన ఫుట్‌బాల్ ఆట ఫొటో పంపండి, దానికీ ప్రార్థన చేస్తారు. అతిథులు వచ్చినప్పుడు కుర్రాళ్లని లేపి రోడ్డు జీవితం గురించి సాక్ష్యం చెప్పించే అలవాటు మీ హోమ్‌లో ఉంటే, అందులో మీరు మైకు పట్టుకోకండి.

పంపించడం కూడా పనే

కెన్యా ప్రభుత్వం 2022లో పదేళ్ల ప్రణాళిక ఒకటి ప్రకటించింది. 2032 కల్లా పిల్లల్ని సంస్థల నుంచి కుటుంబాల్లోకి పంపాలని దాని ఉద్దేశం. అదే ఏడాది కొత్త పిల్లల చట్టం కూడా వచ్చింది. అంటే మీరు చేరే హోమ్ కొన్నేళ్ల తర్వాత ఈ రూపంలో ఉండకపోవచ్చు, ఉండకూడదనే అందరి ప్రయత్నం. చిల్డ్రన్ ఆఫీసర్, కోర్టు కాగితం, ఫైలు, ఇంటి వెతుకులాట, సెలవులకి ఇంటికి పంపి చూడడం, తిరిగి తేవడం, మళ్లీ పంపడం, ఇదే అసలు పని. మన మిషన్ బోర్డింగుల్లో పదో తరగతి దాకా ఉంచి చదివించడమే గొప్ప అనుకుంటూ వచ్చాం. అక్కడ అమ్మానాన్నలే తెచ్చి చేర్చేవాళ్లు, ఇక్కడ చాలాసార్లు వాళ్లని మనమే వెతకాలి. మీకు బాగా దగ్గరైన కుర్రాడే ముందు వెళ్లిపోవచ్చు. వెళ్లిన మూడో వారానికి మళ్లీ రోడ్డు మీద కనపడవచ్చు కూడా. అప్పుడు సోషల్ వర్కర్‌ని నిందించకండి. ఒక్కసారికే కుదిరేవి తక్కువ.

కుర్రాడి ఇంటికి వెళ్లి చూసేటప్పుడు ఖాళీ చేతులతో వెళ్లరు. రెండు కిలోల ఉంగా (మొక్కజొన్న పిండి) ప్యాకెట్, పంచదార, టీ పొడి పట్టుకెళ్లండి. హోమ్ పేరున్న టీషర్టు వేసుకోవద్దు, ఇరుగుపొరుగుకి ఆ కుర్రాడు ఎక్కడున్నాడో తెలియనక్కర్లేదు. కార్లో వాకిట దిగకుండా మటాటు దిగి నడిచి వెళ్లండి. సోషల్ వర్కర్ మాట్లాడతారు, మీరు పాలు ఎక్కువ పోసి కాచిన టీ తాగుతూ వినండి. అద్దె ఎంత, నీళ్లు ఎక్కడి నుంచి, చిన్నవాళ్లు బడికి వెళ్తున్నారా అన్నవి అడక్కుండానే తెలుస్తాయి. డబ్బు సాయం మాట వస్తే అక్కడ ఒప్పుకోకండి, ఆఫీసులో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం అది. తిరిగి వచ్చిన సాయంత్రమే ఫైల్లో రాసి, తేదీ వేసి, సంతకం పెట్టండి.