మల్లె కలుపు పిలకలను వేపనూనె చుక్కతో చంపడం ఎలా?

పొగాకు, వంగ, టమాటా చేలల్లో మొక్క పక్కనే ఆకు, పచ్చదనం లేకుండా పాలిపోయిన కాడలు లేస్తే అది మల్లె (ఓరబాంకి). పూలమల్లె కాదు, పంట వేరు మీద బతికే పరాన్న కలుపు. తిండంతా పంట వేరు నుంచే లాక్కుంటుంది. దీనికి వేపాకు కషాయం కాచి చేనంతా కొట్టేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. శత్రువు వేరును పట్టుకుని మట్టిలో కూర్చుంటే ఆకులు తడిపి ఏం లాభం?

కావాల్సినవి: ఏమీ కలపని వేపనూనె, సన్నమూతి డ్రాపర్ సీసా, ఒక సంచి. సోయా, వేరుశనగ నూనెలూ పనిచేస్తాయి. అయినా వేపనూనే వాడాలి. వంటనూనె సీసా చేనుకు వెళితే మట్టిచేతుల మరకలతో మళ్లీ వంటింటికే చేరుతుంది.

నాటిన నెల దాటాక వారానికి రెండుసార్లు ప్రతి సాలూ నడవండి. పొద్దున్నే నడవాలి, మధ్యాహ్నం కాదు.

ఇక చుక్క వేయడం. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

పిలక రెండు మూడు అంగుళాలు లేచి, పూత విప్పకముందే వేయాలి. చుక్క పడాల్సింది కొన మీద, మొగ్గలు ఒత్తుగా ఉన్న చోట. రెండు చుక్కలు చాలు. పక్కన పోస్తే కాడ మీంచి జారి మట్టిలో ఇంకిపోతుంది. నూనె తాకిన భాగాన్నే చంపుతుంది, లోపలికి పాకి వేరుదాకా పోయే మందు కాదు. అందుకే నీళ్లు, సబ్బు కలిపి పలచన చేయొద్దు. వాన మబ్బు పడితే ఆ రోజుకు మానుకోండి. పంట లేతాకు మీద పడితే అదీ మాడుతుంది, కాబట్టి ఆకును ఒక చేత్తో పక్కకు పట్టుకుని వేయండి.

పిలకలు గుంపుగా వస్తాయి. పెద్దదానికి వేసి చేయి దులుపుకోకండి. కాడ మొదలు దగ్గర మట్టిని వేలితో కొంచెం జరిపి, తల ఎత్తబోతున్న వాటికీ వేయండి. నాలుగైదు రోజులకు అదే మొక్క దగ్గరికి మళ్లీ రావాలి. మొదటి పిలక నల్లబడి ఉంటుంది, పక్కన కొత్తది లేచి ఉంటుంది.

పీకేస్తే పోదా అంటారు. కాడ తెగి చేతికొస్తుంది, వేరును పట్టిన గడ్డ లోపలే ఉండి మళ్లీ పిలక వేస్తుంది.

ఒకటి తెలుసుకోండి: పిలక పైకి కనబడేసరికే వారాల తరబడి పంటను పీల్చేసి ఉంటుంది. ఆ నష్టం నూనెతో తిరిగిరాదు. మనం ఆపేది గింజను. ఒక్క కాడ వేలకు వేలు గింజలు రాలుస్తుంది. దుమ్ములాంటి ఆ గింజ పదేళ్లు దాటినా నేలలో బతికే ఉంటుంది, తనకు సరిపడే వేరు స్రావం తగిలితేనే మొలుస్తుంది. ఇలా పరాన్న కలుపు గింజలను లేపే రసాయనాల్లో మొదటిదైన స్ట్రైగాల్‌ను 1966లో పత్తి వేళ్ల నుంచి వేరుచేశారు.

పూత విప్పిన కాడకు నూనె దండగ. కోసి నేరుగా సంచిలో వేసి కాల్చేయండి. గట్టు మీద పడేస్తే కోసిన కాడ మీదే గింజ ముదురుతుంది. పశువుకు వేస్తే పేడలో ప్రాణంతోనే బయటికొచ్చి పెంటతో పాటు చేనంతా చేరుతుంది. పార, గొర్రు, చెప్పులకు అంటిన మట్టిని ఆ చేలోనే గీకేసి బయటికి రండి.