వానలకు ముందే తాబేలు తొట్టె నీళ్లు చూసుకోండి

జూన్ నడుమ వచ్చే రజో పండగ దాటిందంటే ఒడిశాలోని మా పర్లాకిమిడిలో వానలు గుమ్మం ముందున్నట్టే. ఇంట్లో రెడ్ ఇయర్డ్ స్లైడర్, అదే చెవుల దగ్గర ఎర్ర చార ఉండే తాబేలు పెంచుతున్నవాళ్లు ఈ వారమే నీళ్ల పీహెచ్ చూసి రాసి పెట్టుకోండి. పీహెచ్ అంటే నీళ్లలో ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె; 7 కంటే తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని లెక్క. 6.5 నుంచి 8 మధ్య ఎంతున్నా దానికి ఇబ్బంది లేదు. మా బోరు నీళ్లు 7.8 చూపిస్తాయి, దాన్ని తగ్గించాలని నేనెప్పుడూ చూడలేదు. అంకె ఒక్కసారిగా మారితేనే ప్రమాదం.

వాన నీళ్లు శుభ్రమైనవే కదా అని తొట్టెలో పోయకండి. నేను పోశాను. ఒక జూలై అంతా చూరు కింద బకెట్లు పెట్టి పట్టిన నీళ్లే మార్చాను. వాన నీటి పీహెచ్ మామూలుగానే 5.6 దగ్గర ఉంటుంది. పైగా అందులో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి పీహెచ్‌ని నిలబెట్టే శక్తి దానికి లేదు. తాబేలు మలమూత్రాల్లోంచి వచ్చే అమోనియాను ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా విరగ్గొడుతుంటే ఆమ్లం పుడుతుంది. అలా మా తొట్టె 6 కంటే కిందికి జారింది. అంత తక్కువలో ఆ బ్యాక్టీరియా కూడా మందగించి, అమోనియా పేరుకుపోయింది.

నేను కంగారుపడి సగం నీళ్లు తోడేసి బోరు నీళ్లు పోశాను. అసలు తప్పు అదే. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపు అమోనియా పెద్దగా హాని చేయదు. 7 నుంచి 8కి వెళ్తే అందులో విషపు భాగం దాదాపు పది రెట్లవుతుంది. సాయంత్రానికి మా తాబేలు రాయెక్కి కూర్చుంది. కనురెప్పలు ఉబ్బి మూసుకుపోయాయి, మేత ముక్కు దగ్గర పెట్టినా తల తిప్పలేదు. మళ్లీ తినడానికి వారం పట్టింది.

అందుకే తేడా కనిపిస్తే రోజుకు పదో వంతు నీళ్లే మార్చండి. నిమ్మరసం, వెనిగర్, వంటసోడా జోలికి అసలు పోవద్దు. పీహెచ్ పడిపోకుండా, మింగలేనంత పెద్ద ఆల్చిప్పలు బాగా కడిగి, వల సంచిలో కట్టి ఫిల్టర్ దగ్గర వేయండి. నీళ్లు ఆమ్లం వైపు వెళ్లినప్పుడే అవి కరుగుతాయి, అదే వాటి మంచితనం.

వానల్లో బావుల్లో, కుళాయి నీళ్లలో బ్లీచింగ్ ఎక్కువ వేస్తారు. నీళ్లు వెడల్పాటి టబ్బులో ఒక రోజు ఉంచి వాడండి. బోరు నీళ్లనైనా తోడిన వెంటనే కాకుండా మర్నాడు పరీక్షిస్తేనే అసలు అంకె తెలుస్తుంది. కాగితపు స్ట్రిప్పులు ఈ చెమ్మకు పాడైపోతాయి, చుక్కల మందు కిట్ నయం. రంగును పగటి వెలుతురులో, తెల్ల కాగితం పక్కన పెట్టి చూడండి.

కరెంటు సంగతి కూడా ఆలోచించుకోండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను మన గజపతి జిల్లాను ఎలా దెబ్బతీసిందో అందరికీ గుర్తుంది. ఫిల్టర్ ఆగిపోతే ముందు మేత ఆపండి. పెద్ద తాబేలు రెండు మూడు రోజులు తినకపోయినా ఏమీ కాదు. కరెంటు వచ్చాక ఫిల్టర్‌లో నిలవున్న నీళ్లు పారబోసి, స్పాంజిని తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండి, అప్పుడు ఆన్ చేయండి.

పెంచలేకపోతున్నామని మహేంద్రతనయ ఏట్లో మాత్రం వదలకండి. అమెరికా నుంచి వచ్చిన ఈ జాతి మన ఏటి తాబేళ్ల చోటూ మేతా లాక్కుంటుంది. పెంచగలిగినవాళ్లెవరైనా ఉన్నారేమో అడిగి వాళ్లకివ్వండి.